ఎవరితో చూశావు?

“ఇద్దరు మగవాళ్ళు, ఒక శవం, ఒక పెళ్ళి. ఇంతకుమించి ఒక్క ముక్క కూడా అడక్కు,” అన్నాడు పళ్ళ డాక్టరు. “మనలాంటి జంట కథే. శవం కనిపించినప్పుడల్లా హాలంతా పడీపడీ నవ్వింది. ఈ సాయంత్రం నువ్వు చూసి తీరాలి.”

అద్దం మీద గీత గీస్తున్న మాస్టరు చెయ్యి ఆగింది. ఫొటోలకు ఫ్రేములు కట్టే కొట్టు అతనిది. వీధివాళ్ళందరికీ పటాల మాస్టరు. కొట్టు పైనే ఇద్దరి కాపురం. ఆ కాపురం మొదలైన నాటినుంచి ఒకరిని వదిలి ఒకరు సినిమాకు వెళ్ళింది లేదు.

“నువ్వెప్పుడు చూశావు?”

“మొన్న ఆదివారం.”

“ఆదివారం క్లినిక్‌లో పనుందన్నావు?”

డాక్టరు నాలిక కరుచుకున్నాడు.

“ఎవరితో చూశావు?”

“అది చెబితే మజా పోతుంది.”

“నేనడిగింది సినిమా కథ కాదు, నీ కథ.”

“రెండూ చెప్పను.”

మళ్ళీ గీయబోతే గీత వంకరపోయింది. అద్దం పుటుక్కున విరిగింది. మాస్టరు ముక్కలు పక్కకు నెట్టి, స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

“ఎవడు వాడు?”

“నా పేషంటు. ఆయన ఈ మధ్య తరచుగా...”

“ఆయనట, ఆయన! మర్యాద కూడానా? ఏం రోగం వాడికి?”

“ఏమీ లేదు. పళ్ళు రాళ్ళలా ఉన్నాయి.”

“మరెందుకొచ్చినట్టు?”

“నన్ను చూడ్డానికి.”

మాస్టరుకు ఒళ్ళు భగ్గుమంది. ఏ నొప్పీ లేనివాడు పళ్ళ డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చున్నాడంటే ఎంత తెగించి ఉండాలి!

“సినిమాకు వాడు పిలిచాడా, నువ్వు పిలిచావా?”

“చూడమని చెప్పింది నేనే. ఒక్కణ్ణీ వెళ్ళలేను, పక్కన నువ్వుండాలి అన్నాడు.”

“ఉన్నావు. తర్వాత?”

“మొదట బిగుసుకుని కూర్చున్నాడు. ఆ శవాన్ని అల్మారాలో... అబ్బ, కొంచెంలో చెప్పేసేవాణ్ణి! అక్కడ మాత్రం నవ్వాపుకోలేకపోయాడు. ఆ తర్వాత ఏడ్చాడు.”

“ఎక్కడ?”

“అది చెబితే క్లైమాక్స్ చెప్పినట్టే.”

“నువ్వేం చేశావు?”

“రుమాలిచ్చాను. బయటికొచ్చేటప్పుడు మెట్ల దగ్గర చీకటి. నా చెయ్యి పట్టుకున్నాడు.”

“విదిలించుకోలేదా?”

“వదలబుద్ధి కాలేదు.”

మాస్టరు లేచి నిలబడ్డాడు.

“నీ కోసం ఇంట్లో అందర్నీ వదులుకున్నాన్రా. మళ్ళీ మొహం చూపించకు అనిపించుకుని కట్టుబట్టలతో వచ్చాను. నాకు మిగిలింది నువ్వొక్కడివే. నిన్ను కూడా ఎవడో తన్నుకుపోతే నేనెక్కడికి పోవాలి?”

డాక్టరు కళ్ళు చెమర్చాయి. అయినా లొంగలేదు. “ఎవరో చెప్పనని మాటిచ్చాను. ఆయన ఈవేళ మళ్ళీ వస్తాడు. నీకూ టికెట్ తీసి ఉంచుతానన్నాడు.”

“వాడా? నాకా?”

“నిన్ను మధ్యలో కూర్చోబెట్టమన్నాడు.”

“ఎంత పొగరు! సరే, పద. శవం సినిమాలోనే ఉండాలని రూలేం లేదు.”

దారి పొడుగునా మాస్టరు తిట్లు కూడగట్టుకున్నాడు. ఏది ముందు, ఏది వెనక అని వరస కూడా పెట్టుకున్నాడు. హాలు గేటు దాటగానే చొక్కా చేతులు పైకి మడిచాడు. మ్యాట్నీ వదిలారేమో, లోపలికి వెళ్ళేవాళ్ళూ బయటికి వచ్చేవాళ్ళూ ఒకరినొకరు తోసుకుంటున్నారు.

“ఏడీ వాడు?”

“పోస్టరు కింద. నీలం చొక్కా. కాస్త నిదానం, నీకు దణ్ణం పెడతా.”

మాస్టరు వినిపించుకోలేదు. జనాన్ని చీల్చుకుంటూ వెళ్ళి, నీలం చొక్కా భుజం పట్టి ఇవతలికి తిప్పాడు.

ఆ మనిషి మూడు టికెట్లు ముందుకు చాచాడు. మాస్టరు పట్టు దానంతట అదే సడలింది. కూడగట్టుకున్న తిట్లలో ఒక్కటీ గుర్తు లేదు.

“నాన్నా!” అన్నాడు.