సొలొమోను గంభీర గానం

ముందే ఒప్పేసుకుంటున్నానండీ, సొలొమోను పేరు చెబితే నాకు నవ్వాగదు. పాపం ఆయన నవ్వించాలని ఏమీ చెయ్యడు. అదే చిక్కు.

"ఆపండి! ముందా మిషను ఆపండి!"

భవానీపురంలో ఎల్లారావు గారి కూతురి పెళ్ళి. రెండో బంతిలో సాంబారు వడ్డిస్తుండగా, చేపల వలంత వెడల్పున్న బెల్‌బాటమ్ పాంటు ఎగదోసుకుంటూ సొలొమోను మైక్ సెట్టు బల్ల మీదికి వచ్చిపడ్డాడు. తాటిచెట్టుకు కట్టిన హారన్‌లో ఓ సన్నని గొంతు పడవపాట పాడుతోంది. చుట్టూ గిటారు, బాంగోలు. పందిట్లో సగం మంది తినడం మానేసి తలలూపుతున్నారు.

మైక్ సెట్టు మంగరాజు కదల్లేదు. "ఎందుకాపాలండీ? నా పాటల ప్లేటు వెయ్యి బాబూ, పదిమంది వింటారూ అని పొద్దున్నే ఇచ్చింది మీరేగా?"

"ప్లేటు నాదే. ఆ గొంతు నాది కాదు!"

లాంగ్ ప్లే రికార్డు మద్రాసు నుంచి పార్సిల్‌లో వచ్చి ఒక్కరోజే అయింది. ఒకవైపు పాత పడవపాటలూ జోలపాటలూ కొత్త వాయిద్యాలతో, రెండోవైపు సొలొమోను సొంత పాటలు. అట్ట మీద బుగ్గలదాకా దిగిన సైడ్‌లాకులతో ఆయన ఫొటో, కింద పెద్ద అక్షరాల్లో 'సొలొమోను గంభీర గానం'. ఇంట్లో ప్లేయరు లేదు. అంచేత ఆయనా ఇప్పుడే వింటున్నాడు.

"అయితే ఈ పాడే పిల్లెవరండీ?" అన్నాడు మంగరాజు.

"పిల్లేంటయ్యా! నేనే. నీ మిషను పరిగెడుతోంది. స్పీడెక్కువైతే మగగొంతు కాస్తా ఇలా కీచుమంటుంది."

"ఇందాక వేసిన సినిమా పాటలన్నీ బానే వచ్చాయిగా? అట్ట మీద మీ బొమ్మ చూసి, పిల్ల అన్నగారేమో అనుకున్నా."

ఈలోగా పెళ్ళికూతురి తండ్రి ఎల్లారావు చెయ్యి కడుక్కుని, కండువాతో తుడుచుకుంటూ వచ్చాడు. "మంగరాజూ, ఎవర్రా ఆ పిల్ల? దేవుడిచ్చిన గొంతు! సాయంత్రం ఊరేగింపులో బండెక్కించి పాడిద్దాం. ఎక్కడుంటుందో కనుక్కో."

"అది నేనేనండీ," అన్నాడు సొలొమోను.

ఎల్లారావు ఆయన్ని పైనుంచి కింది దాకా చూశాడు. మీసాల దగ్గర కాసేపు ఆగాడు. "ఈయన తిన్నాడా? ఎండలో తిరిగినట్టున్నాడు. ముందు కాస్త మజ్జిగివ్వండి."

"మజ్జిగొద్దండీ! నా గొంతేంటో ఇప్పుడే వినిపిస్తా!"

సొలొమోను చూపుడువేలు తిరుగుతున్న ప్లేటు అంచున ఆనించాడు. ప్లేటు నెమ్మదించింది. పాట సాగింది, కిందికి జారింది, గేదె నూతిలోంచి పిలిచినట్టు హారన్ మూలిగింది.

"ఇదీ!" సొలొమోను మొహం వెలిగిపోయింది. "ఇదీ నేను!"

"ఓల్టేజీ పడిపోయింది!" పందిట్లోంచి ఎవరో అరిచారు.

పెళ్ళికొడుకు బాబాయి ఫ్యూజులు చూడ్డానికి పరిగెత్తాడు. వంటవాళ్ళు గ్యాసులైట్లు వెతకడం మొదలెట్టారు, పట్టపగలు. చేపల బజారంతా తన మాటే చెల్లించుకునే వీరమ్మ ఎంగిలి చేత్తోనే లేచొచ్చింది.

"ఒరేయ్ మంగరాజూ, బంగారంలాంటి పిల్లని ఏం చేశావురా? గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టు అట్టా మూలుగుతుందే!"

"నేను కాదు పిన్నీ, ఈయనే వేలు పెట్టాడు."

"తియ్యవయ్యా వేలు! నువ్వెవరు, ఆ పిల్లని పాడనివ్వకుండా?"

సొలొమోను వేలు తీశాడు. హారన్ మళ్ళీ తీగలా సాగింది. పందిరంతా హమ్మయ్య అంది. ఫ్యూజుల దగ్గర్నుంచి బాబాయి, "నేనే బాగుచేశా!" అని కేకేశాడు.

మంగరాజు మెల్లగా అన్నాడు. "చూడండి, ఈ పిల్ల పాట జనానికి నచ్చింది. రేపట్నుంచి గవర్నర్‌పేటలో, మంగళగిరిలో, నేను సెట్టు కట్టిన ప్రతిచోటా ఇదే వేస్తా. మీ పేరు మాత్రం చెప్పలేను. చెబితే నవ్వుతారు, నా యాపారం పోతుంది."

సొలొమోనుకు కళ్ళనీళ్ళు తిరిగాయి. రికార్డు ఊరూరా మోగుతుందట, పేరు మాత్రం అసలు లేనే లేని పిల్లదట. ఇలాంటి సన్మానం పగవాడికి కూడా వద్దు.

"ఎల్లారావు గారూ," అన్నాడు. "ఒక్క పాట. మిషనూ వద్దు, ప్లేటూ వద్దు. మీ అందరి ముందూ నేనే మైకులో పాడతా. ఆ గంభీరం విన్నాక కూడా ప్లేటు నాది కాదంటే, ఇక నోరెత్తను."

ఎల్లారావు జనం వైపు చూశాడు. పెరుగు ఇంకా రాలేదు, జనం ఖాళీగానే ఉన్నారు. "సరే, కానివ్వండి. మంగరాజూ, మిషనాపు."

మంగరాజు మిషనాపాడు. మళ్ళీ వేలు పెడతాడేమోనని ప్లేటు తీసి చంకలో పెట్టుకున్నాడు. మైకు తట్టి ఇచ్చాడు.

వీరమ్మ నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. "పాడు నాయనా, నీ గేదె పాట కూడా ఇందాం."

సొలొమోను కళ్ళు మూసుకున్నాడు. ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాడు. గడ్డం మెడకి ఆనించి, బొడ్డు లోతుల్లోంచి తన సొంత పాట ఎత్తుకున్నాడు: "కరకట్ట మీద సైకిలాగింది... గాలి నీ పేరే అడిగింది..."

ప్లేటు మంగరాజు చంకలోనే ఉంది, మిషను ఆగే ఉంది, హారన్‌లో మాత్రం ఆ పిల్లే పాడుతోంది.