పరకకు చోటు లేని గూడు

వాగు మీదికి వంగిన ఈతచెట్టుకు గిజిగాళ్లు గూళ్లు అల్లుతున్నారు. వాళ్లలో ఒక పద్ధతి ఉంది. మగపిట్ట సగం గూడు అల్లి ఆగాలి. ఆడపిట్ట వచ్చి, ముక్కుతో లాగి చూసి, నచ్చితే ఉండిపోతుంది. మిగతా సగం ఇద్దరూ కలిసి పూర్తిచేసుకోవాలి.

ఒక గిజిగాడికి ఇది నచ్చలేదు. "సగం గూడు చూపించి ఒకరి చేత మాట పడటం దేనికి?" అనుకున్నాడు. మొత్తం ఒక్కడే అల్లేశాడు. లోపల మెత్తటి దూది కూడా తనే పరిచాడు. చెట్టు చెట్టంతా వచ్చి చూసి, ఇలాంటి గూడు ఎన్నడూ చూడలేదంది.

ఆడపిట్టలూ వచ్చాయి. లోపలికెళ్లి చూసి, ఊరికే బయటికొచ్చేశాయి. ఆఖరున వచ్చినదానికి గిజిగాడు అడ్డం నిలబడ్డాడు.

"ఏం తప్పుందో చెప్పి వెళ్లు."

"తప్పేం లేదు. చాలా బాగుంది."

"మరి ఉండవేం?"

"ఉండి ఏం చెయ్యను? ఇందులో నా ముక్కుతో ఒక్క పరక పెట్టే చోటు కూడా ఉంచలేదు నువ్వు."

అది పక్క కొమ్మకున్న వంకరటింకర సగం గూట్లోకి వెళ్లిపోయింది.

వానలు ముదిరాయి. చుట్టూ గూళ్లలో పిల్లల కిచకిచలు. గిజిగాడి గూట్లోకి మాత్రం ఒక్క చుక్క కారలేదు, ఒక్క పిట్టా రాలేదు.

ఒకనాడు వాడు గోడలోంచి ఒక పరక పీకాడు. తర్వాత ఇంకొకటి. ఇంకొకరికి పని మిగిలేంత కంత చేసి, గుమ్మంలో కూర్చుని పిలిచాడు.

పిలిచినంతసేపూ ఆ కంతలోంచి వానజల్లే లోపలికి వచ్చింది.