రెక్సిన్ దూడ

కూతురు కుట్టిన రెక్సిన్ దూడను ఆవు ఒక్కసారి వాసన చూసి మొహం తిప్పేసుకుంది. పొదుగు రాయిలా బిగుసుకుపోయింది, చుక్క పాలు వదలడం లేదు.

తండ్రి ఇక ఆగలేదు. చచ్చిపోయిన దూడ తోలులో గడ్డి కూరి కుట్టిన బొమ్మను తెచ్చి ఆవు ముందు నిలబెట్టాడు.

"కన్నతల్లికి బిడ్డ చర్మం చూపించి పాలు పిండుకుంటావా నాన్నా? ఇది మోసం."

తోళ్ల ఫ్యాక్టరీ మురుగుకి ఏరు నల్లబడినప్పటి నుంచీ కూతురికి తోలంటే గిట్టదు. ఇవాళ పొద్దున ఇంట్లో తోలు సామానంతా పారేయడానికి సంచిలోకి ఎత్తేసింది. ఏడాది కిందట చనిపోయిన అమ్మ తోలు చెప్పులు కూడా. నాన్న వాటిని రోజూ తుడిచి గుమ్మం పక్కన పెడతాడు. "ఇంకెవరు తొడుక్కుంటారు నాన్నా?" అంది.

ఆవు ఆ బొమ్మ మెడ నాకింది. చెవి దగ్గర ఆగి, మళ్లీ నాకింది. పొదుగు సడలి పాలు చేపింది. తండ్రి చెంబు పట్టుకుని కూర్చున్నాడు.

"పిచ్చిది, బతికే ఉందనుకుంటోంది," అంది కూతురు.

"అనుకోదమ్మా. నిన్న తోలు తీసిన దూడని గుంతలో పూడుస్తుంటే నిలబడి చూసింది కదా. పోయిందని దానికి తెలుసు."

"తెలిస్తే మరి ఎందుకు నాకుతోంది?"

తండ్రి పాలు పితుకుతూనే ఉన్నాడు.

కూతురు ఇంట్లోకి వెళ్లి సంచి విప్పింది. అమ్మ చెప్పులు తీసి, చున్నీతో తుడిచి, గుమ్మం పక్కన వాటి చోట్లో పెట్టింది.