గుంత దగ్గరి మనిషి

"ఈ తొక్కలు నాకిస్తారా అక్కా?"

ఫ్యాక్టరీ గేటు బయట అన్నం డబ్బా విప్పుతున్న నాగమ్మ తలెత్తి చూసింది.

ఎవరో కొత్తావిడ. చీర కొంగు తలమీదుగా కప్పుకుంది. చంకలో ఖాళీ గోతాలున్నాయి.

దుర్గి దాటాక మాచర్ల రోడ్డు పక్కన ఉంది ఆ బత్తాయి రసం ఫ్యాక్టరీ. ఆడవాళ్ళు కాయలు ఒలుస్తారు. రసం లారీలెక్కి పోతుంది. తొక్కలు మాత్రం వెనకనున్న పాత క్వారీ గుంతలో పడి కుళ్ళుతుంటాయి.

"పారేసే తొక్కలు నీకెందుకు?" అంది నాగమ్మ.

"ఎండబెట్టి పొడి చేస్తా. బిస్కెట్లలో వాడతారు. జామ్ గట్టిపడాలన్నా ఈ తొక్కలో ఉండే సరుకే కావాలి."

"పసుపులో కలిపి అమ్ముకునేదానికేమో," అంది పక్కనే తింటున్న గోపిక, వినపడేట్టే.

ఆవిడ నవ్వింది. పేరడిగితే మెహ్జబీన్ అంది. ఊరడిగితే, "పేట అవతల," అని సరిపెట్టింది.

ఆ సరిపెట్టడమే నాగమ్మకు నచ్చలేదు.

యజమాని సుధీర్ బాబు మాత్రం సరేనన్నాడు. గుంత కంపు కొడుతోందని కాలుష్యం ఆఫీసు వాళ్ళు అప్పటికే వచ్చి హెచ్చరించి పోయారు. తొక్కలు ఎవరు పట్టుకుపోయినా ఆయనకు మంచిదే.

మర్నాటి నుంచీ మెహ్జబీన్ ఫ్యాక్టరీ వెనక బీడు నేలలో నాపరాళ్ళు పరిచి, తొక్కలు సన్నగా తరిగి ఎండేసేది.

నాగమ్మ కన్ను ఆమె మీదే ఉండేది.

ఒకరోజు మెహ్జబీన్ గుంత అంచున నిలబడి ఫోన్‌తో ఫొటోలు తీసింది. అడుగున ఊరిన నల్లనీళ్ళు సీసాలో పట్టింది.

నాగమ్మ వెనకనుంచి వచ్చి నిలబడింది. "ఫొటోలెందుకు?"

"గుంతలో తొక్కలెంత తగ్గాయో చూపించాలక్కా. తొక్కలిట్టా కుళ్ళితే గ్యాసు పుట్టుద్ది. అది పైకిపోయి ఎండల్ని ఇంకా ముదరబెట్టుద్ది."

"పల్నాడు ఎండలకి బత్తాయి తొక్కలా కారణం?"

"ఇవే కాదు. ఇవి కూడా."

"ఎవరికి చూపిస్తావ్?"

"కాలుష్యం ఆఫీసులో."

క్వారీలో రాయి పడి నాగమ్మ మొగుడి కాలు పోయినప్పట్నుంచీ ఈ కూలితోనే ఇల్లు నడుస్తోంది. ఆఫీసు వాళ్ళు వస్తే ఏమవుతుందో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఆ అనుమానానికి లారీ డ్రైవర్ ఐజాజ్ సాక్ష్యం తెచ్చాడు.

"ఆమె సంగతి కనుక్కున్నా పిన్నీ. పేట అవతల ఒక జ్యూస్ ఫ్యాక్టరీ ఉండేది. దానిమీద అర్జీ పెట్టి మూయించింది ఈమేనంట."

"నేను ముందే అన్నా," అంది గోపిక.

సుధీర్ బాబు చెవినేస్తే, ఆయన ఒకటే మాట అన్నాడు. "పంపించెయ్యండి."

పని ఆపి ఆడవాళ్ళంతా బీడు నేలలోకి వెళ్ళారు.

"పేట అవతల ఫ్యాక్టరీ మూయించింది నువ్వేనా?" అని అడిగింది నాగమ్మ.

మెహ్జబీన్ చేతిలో కత్తి పక్కన పెట్టింది. "నేనే."

"ఇప్పుడు మా నోటికాడ కూడు తియ్యడానికి వచ్చావన్నమాట."

"అది కాదక్కా. నా మాట ఇను."

"ఇనేదేముంది?"

ఎండిన తొక్కల్ని తట్టలకెత్తి గుంతలో కుమ్మరించారు. గోతాల్లో కట్టి ఉంచినవీ విప్పి పోశారు. మెహ్జబీన్ అడ్డం రాలేదు. చూస్తూ నిలబడింది.

వెళ్ళిపోతూ, "సోమవారం దాకా అయినా గుంతలో తొక్కలు పొయ్యబాకండక్కా," అంది.

"బెదిరిస్తంది చూడు," అంది గోపిక.

సోమవారం దాకా ఉన్న రెండ్రోజులూ తొక్కలన్నీ గుంతలోకే పోయాయి.

సోమవారం పొద్దున్నే జీపు వచ్చింది. దిగిన ఆఫీసరమ్మ గుంత దాకా నడిచి, ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుని తిరిగొచ్చింది.

"తొక్కలు ఎండబెట్టే ఆవిడ ఏది?"

"ఇక్కడ లేదు మేడం," అన్నాడు సుధీర్ బాబు. "మాన్పించాం."

"మాన్పించారా?" ఆఫీసరమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "దీనికి పోయిన నెలే తాళం వెయ్యాల్సింది. పని ఆపించొద్దు, గుంత సంగతి నేను చూసుకుంటానని ఆవిడొచ్చి మా ఆఫీసు మెట్లమీద కూర్చుంది. అందుకే ఇవాళ్టి దాకా ఆగాం. వారం వారం ఫొటోలు తెచ్చి చూపించేది."

సుధీర్ బాబు బతిమాలాడు. లాభం లేకపోయింది. లోపలున్న వాళ్ళందర్నీ బయటికి పిలిచి, గేటుకు తాళం వేసి సీలు వేశారు.

జీపెక్కబోతున్న ఆఫీసరమ్మకు నాగమ్మ అడ్డంపోయి నిలబడింది.

"మేం మాత్రం ఎట్టా నమ్ముతామమ్మా? ఆమె ఒక ఫ్యాక్టరీ మూయించిన మనిషి. ఆమే ఒప్పుకుంది."

"మూయించింది నిజమే. తొక్కల గుంతలోకి దిగిన మనిషి గ్యాసుకి ఊపిరాడక చనిపోతే అర్జీ పెట్టింది. గుంత బాగుచేయిస్తామనుకుంది. మేం ఫ్యాక్టరీనే మూసేశాం."

నాగమ్మ ఇంకా అనుమానంగానే చూస్తోంది. "అయితే మా పని పోతే ఆమెకేంది?"

ఆఫీసరమ్మ జీపు తలుపు మీద చెయ్యేసింది.

"ఆ ఫ్యాక్టరీలో ఆవిడ కూడా నీలాగే కాయలు ఒలిచేదమ్మా."