పంటి లోపలి సాక్ష్యం

ఎదుట తల్లి ఏడుస్తుంటే, ఆమె బిడ్డ ఎముకల మీద చేతులుంచి ప్రార్థించడం తప్పా? ఈ కార్డు చదివే సంఘస్థులారా, మీరే చెప్పండి.

పోయినేడు శిరివెళ్ల దగ్గర పాడుబావిలో ఎముకలు దొరికాయి. 1994లో కనబడకుండా పోయిన తన కొడుకువేనని ఓబులమ్మ వాటి మీద పడింది. బైబిల్లో ప్రవక్త మాటకు ఎండిన ఎముకలు లేచి నిలబడిన లోయ తలచుకుని, పాస్టరునైన నేను పుర్రె మీద చేతులుంచి ప్రార్థించాను.

"సాక్ష్యమంతా చెడగొడితివి కదప్పా," అన్నాడు ఎస్సై.

వేల ఏళ్లనాటి ఎముకలను పరీక్షించే పద్ధతిలో ల్యాబువాళ్లు పన్ను తొలిచి, లోపలి పొడి తీశారు. పోల్చడానికి ఓబులమ్మ నెత్తురు తీసుకున్నారు. నా చేతుల నుంచి ఎముకలకు అంటినదేదో వేరు చేయడానికి నా ఉమ్మి కూడా తీసుకున్నారు.

ఫలితం వచ్చింది. ఆమెతో కలవలేదు, నాతో కలిసింది.

"నా చెయ్యి తగిలినందుకా, సార్?"

"పంటి లోపలికి చెమట పోదప్పా. వీడు మీ అమ్మ కడుపున పుట్టినోడే."

అంటే, అలిగి బొంబాయి పోయాడని మేమంతా నమ్మిన నా తమ్ముడే.

ఓబులమ్మ నా చెయ్యి పట్టుకుంది. "మరి నావాడు యాడుండాడు నాయనా? మట్టన్నా చేసుకోనీ."

ఆ బావిని సగమే తవ్వారు. వానలొస్తే కూలిపోతుంది. ప్రార్థన తర్వాత చేద్దాం. కార్డు అందినవాళ్లు పార పట్టుకుని ఈరోజే రండి.