సుద్దగీత

తెలంగాణ రావడానికి ఏడెనిమిదేళ్ళ ముందటి ముచ్చట.

నర్సింగం పాత బొగ్గు లారీ గోదావరిఖనిలో ఎల్లేశం షెడ్డు ముందు నిలబడి గజగజా వణుకుతోంది. లోపల ఎవరో సమ్మెట పెట్టి కొడుతున్నట్టు ఇంజనులో ఒకటే మోత.

ఎల్లేశం పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

షెడ్డంతా గప్‌చుప్. ఆయన వినేటప్పుడు ఈగ కూడా వాలకూడదు. ఆ చుట్టుపక్కల లారీలన్నిటికీ రోగం చెప్పేది ఆ చెవే మరి!

"ఇంజన్ల తిరిగే ఇరుసు, క్రాంకు పోయిందన్నా. ఇంజను దించాలె. పదిహేను రోజులు పడ్తది."

నర్సింగం నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు.

"పదిహేను రోజులా! నా ట్రిప్పులు ఇంకోనికిస్తరు ఎల్లేశం. ఇగ లారీ అమ్ముకునుడే."

"నా చెవి ఎన్నడన్న తప్పిందా?"

అంటూ పక్కకు చూసేసరికి, ఎవరో ముసలాయన ఇంజను ముందు వంగి ఉన్నాడు. ఒక చేతిలో గుడ్డసంచీ. ఇంకో అరచెయ్యి వణుకుతున్న మడ్‌గార్డు మీద ఆనించి ఉంది.

"ఏ కాకా, ఎవలు నువ్వు?"

వెనక నుంచి రెండుసార్లు అడిగాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఒళ్ళు మండి భుజం పట్టి తిప్పాడు.

ముసలాయన రెప్ప వేయకుండా ఎల్లేశం మొహంలోకి చూశాడు.

"పని కోసం వచ్చిన బిడ్డా. బొగ్గుబాయిల మెకానిక్కు చేసి రిటైరైన. జర ఇంజను బంద్ వెట్టి సుద్దముక్క ఇయ్యి."

అదేం గొంతో, ఊరంతా చాటింపు వేసినట్టుంది.

ఇంజను ఆపి, టైర్ల మీద గుర్తులు పెట్టే సుద్దముక్క నర్సింగమే అందించాడు. ప్రాణం మీదికి వచ్చినవాడికి ఏ ముసలాయనైతేనేం!

ముసలాయన ఫ్యాను బెల్టు తిరిగే ముందరి చక్రం మీద, నడుమ నుంచి అంచు దాకా ఒక గీత గీశాడు.

"ఇప్పుడు స్టార్ట్ చెయ్యుండ్రి." ఇంజను కాసేపు తిరిగాక చెయ్యెత్తాడు. "ఇగ చాలు, బంద్ వెట్టుండ్రి."

గీత రెండు ముక్కలైంది. లోపలి ముక్క ఒక దగ్గర, బయటి ముక్క రెండు వేళ్ళ అవతల!

"క్రాంకుకు ఏం కాలే!" అరిచాడు ముసలాయన. "ఇది డ్యాంపరు. లోపలి చక్రానికి, బయటిదానికి నడుమ రబ్బరు ఉంటది. అది చీకిపోయింది. బయటిది వదులై ఊగుతున్నది, ఇంజనును ఊపుతున్నది. గంతే!"

రోడ్డు అవతల లస్మవ్వ చాయ్ కొట్టులో కూర్చున్నవాళ్ళు కూడా విని పకపకా నవ్వారు.

ఎల్లేశం 'కావాలనే అరుస్తున్నడు. పదిమందిల నా ఇజ్జత్ తీస్తున్నడు' అనుకున్నాడు.

ఉక్రోషం కొద్దీ సుత్తె తీసుకుని పాత చక్రాన్ని ఊడగొట్టబోయాడు.

"సుత్తె ముట్టకు! క్రాంకు దెబ్బ తింటది. పుల్లర్ వెట్టి గుంజు!"

మళ్ళీ నవ్వులు. పుండు మీద కారం చల్లినట్టయింది.

మధ్యాహ్నానికి నర్సింగం కొత్త డ్యాంపరు తెచ్చాడు. ముసలాయన తన చేత్తోనే బిగించాడు. ఇంజను స్టార్ట్ చేయించి, నిండు చాయ్ గ్లాసు మడ్‌గార్డు మీద పెట్టాడు.

ఒక్క చుక్క ఒలకలేదు.

"శెభాష్ కాకా!" నర్సింగం ఎగిరి గంతేశాడు. "ఎల్లేశం, కాక చెవి ముందర నీ చెవి ఏపాటిదే! షెడ్ల వెట్టుకో, నసీబు మంచిగుంటది."

ఆ ఒక్క మాటతో ఎల్లేశం కళ్ళలో నిప్పులు పోసుకున్నాడు. ఇరవై ఏళ్ళు సానబట్టిన చెవి! దానికి అందని రోగం ఈ ముసలి చెవికి ఎలా అందింది? ఇవాళ నర్సింగం అన్నాడు, రేపు ఖని అంతా అంటుంది. ఎల్లుండి తనను అడిగే దిక్కెవడు?

నర్సింగం లారీ తీసుకుని వెళ్ళిపోయాక ముసలాయన ఎల్లేశం దగ్గరికొచ్చాడు.

"వెట్టుకుంటవా బిడ్డా? నాలుగు షెడ్లు తిరిగిన. ఇదే ఆఖరుది. ఈడ గూడ లేదంటె బొంబాయి రైలెక్కుడే, ఆడ వాచ్‌మన్ పని ఉన్నదంటున్నరు. ఇంజను ఇడిసి బతుకుడు నాతోని కాదు."

"పని లేదు, గిని లేదు. పో కాకా."

ముసలాయన చేతులు తుడుచుకుని, సంచీ తీసుకుని, రైలు కోసం పెద్దపల్లి బస్సు ఆగే చోటికి నడిచాడు.

అసూయ ఎంత గట్టిదైనా ముసలాయన చేసిన పని కళ్ళముందే ఉంది. ఆయన రాకపోతే మంచి క్రాంకు విప్పి, నర్సింగాన్ని నడిబజార్లో నిలబెట్టేవాడు తను. ఎల్లేశానికి సిగ్గేసింది. లేచి రోడ్డు మీదికి వచ్చాడు.

"కాకా! ఆగు! పని ఇస్త, రా!"

ముసలాయన ఆగలేదు.

"ఓ కాకా! నిన్నే!"

రోడ్డు మీద పోయేవాళ్ళంతా వెనక్కి తిరిగారు. ఆయన మాత్రం మెడ తిప్పలేదు.

పరుగెత్తితే నలభై అడుగులు. కానీ ఉస్తాదు ఎల్లేశం, ఇవాళ పొద్దున వచ్చినవాడి వెనక పరుగెత్తడమా?

బస్సు వచ్చింది. ముసలాయన ఎక్కాడు. బస్సు మూల తిరిగి కనబడకుండా పోయింది.

"చూసినవా అవ్వా, ఎంత పొగరో!" లస్మవ్వ కొట్టు ముందు కూలబడి కసిగా అన్నాడు. "గొంతు చింపుకొని పిలిస్తె మర్లి చూడలే. నాకన్న మంచి చెవి ఉన్నదని గంత మిడిసిపాటు!"

లస్మవ్వ చాయ్ వడగడుతున్నది ఆపి వాడి వంక వింతగా చూసింది.

"ఏం చెవిరా కొడుకా? 'నా మొకం జూసి మాట్లాడు చెల్లె' అన్నడు పొద్దుగాల నాతోని. బాయిల మిషన్ల మోతకు రెండు చెవులు పోయి పదేండ్లయిందట."