స్విచ్ ఆపి తీసిన ఫోటో

"తప్పు చేతిది కాదంటే వినవేం? లెన్స్ పాడైందని పొద్దుట్నుంచీ మొత్తుకుంటున్నానుగా!"

"ఇందాక స్టెబిలైజర్ వెయ్యడం మర్చిపోయానన్నారు. ఇప్పుడు లెన్స్ పాడైందంటున్నారు. ఏదో ఒకటి చెప్పండి."

భర్త లెన్స్ విప్పి తుడవడం మొదలుపెట్టాడు. భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచి ఉంది. దాన్నిండా మొన్న స్కూలు ఆటల పోటీలో కూతురు పరిగెత్తిన రిలే ఫోటోలే. పదకొండింటిలో ఒక్కటీ కుదురుగా లేదు. ప్రతిదాంట్లోనూ పిల్లకి రెండు ముక్కులు, నాలుగు కళ్ళు.

"దయ్యంలా ఉన్నాను," అంది కూతురు. "అయినా స్టెబిలైజర్ ఏం చేస్తుంది నాన్నా?"

"ఇంత పొడుగు లెన్స్‌లో చెయ్యి వెంట్రుకవాసి కదిలినా బొమ్మ బారెడు ఊగుతుందమ్మా. లోపలున్న గాజు ముక్క దానికి ఎదురు కదిలి సర్దేస్తుంది. స్టాండు మీద పెట్టినప్పుడు స్విచ్ ఆపేస్తాం. చేతిలోకి తీసుకున్నాక మళ్ళీ వెయ్యాలి. అది మర్చిపోయాను."

"అంటే, మీ చేతి వణుకుని ఇన్నాళ్ళూ ఆ గాజు ముక్క దాచిందన్నమాట," అంది ఆమె.

పత్రికలకి ఆటల ఫోటోలు తియ్యడం తప్ప అతనికి ఇంకో పని రాదు. చెయ్యి వణికితే ఏమవుతుందో ఆమెకి తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఆమె కంటి డాక్టరు. వారానికి ఇరవై కళ్ళకి ఆపరేషన్ చేస్తుంది.

"ఆ రోజు రెండో పరుగులో నేనూ కాసేపు పట్టుకున్నానుగా ఆ కెమెరా. బరువే, కాదన్ను. కానీ మరీ ఇంతలా ఊగుతుందా?"

"నువ్వు తీసేటప్పటికి మెమరీ కార్డు నిండిపోయింది. నీవి ఒక్కటీ పడలేదు," అన్నాడతను గబగబా.

"రేపు నరాల డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"నాకేం లేదు."

"లేకపోతే స్విచ్ ఆపేసి ఒక్క ఫోటో తీసి చూపించండి."

అతని ముఖం పాలిపోయింది. నుదుటి మీద చెమట. "ఇప్పుడెందుకవన్నీ? ఆదివారం పూట హాయిగా పడుకోనివ్వవా?"

ఆ భయం ఆమె కనిపెట్టింది. ఏమీ లేనివాడు ఇంత భయపడతాడా?

సోఫాలో బటాణీలు ఒలుస్తున్న అత్తగారు తలెత్తింది. "తియ్యరా, నీ సొమ్మేం పోయింది! పరీక్షంటే చాలు కడుపునొప్పి వీడికి, ఒకటో తరగతి నుంచీ ఇంతే."

"అందరం తీద్దాం నాన్నా, ఆటలా ఉంటుంది!" అని కూతురు కెమెరా పట్టుకుని బాల్కనీలోకి పరిగెత్తింది. వీధి చివర ఆగి ఉన్న స్కూటరు నంబరు పలక గురి. స్విచ్ ఆపేశారు.

"ముందు నేను తీస్తాను. భయపడాల్సిందేం లేదని మీకూ తెలుస్తుంది," అంటూ ఆమె చెయ్యి చాపింది.

"నువ్వొద్దు," అతను అడ్డం వచ్చాడు. "నువ్వెందుకు? నేను తీస్తానన్నానుగా!"

"ఇందాకటిదాకా తియ్యనన్నారు!" ఆమె కెమెరా లాక్కుని నొక్కింది. తరవాత కూతురు. తరవాత అత్తగారు, "ఏదీ, ఎక్కడ నొక్కాలి? ఇందులో నా ముఖమే కనిపిస్తోందేమిటే?" అంటూ, మొదట కెమెరా తిరగేసి పట్టుకుని. అందరికన్నా చివర అతను. తీసి కెమెరా దించాక కూడా వీధి వైపే చూస్తూ నిలబడ్డాడు.

కూతురు కార్డు తీసి లాప్‌టాప్‌లో పెట్టింది. ముగ్గురూ తెర మీదికి వంగారు. అతను మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

మొదటి ఫోటో తెరుచుకుంది. నంబరు పలక మీద ఒక్కో అంకెకీ రెండేసి నీడలు. చదవడానికి లేదు.

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "చూశారా? నేను చెప్తూనే ఉన్నాను. అయ్యో, ఇంత వణుకు పెట్టుకుని ఇన్నాళ్ళూ ఒక్క మాటైనా చెప్పలేదేమండీ?"

"అమ్మా," అంది కూతురు. "అది నాన్నది కాదు. మొదట తీసింది నువ్వు కదా."

కూతురే మెల్లగా మిగతావి తెరిచింది. తనది కాస్త మసక, కానీ అంకెలు తెలుస్తున్నాయి. నానమ్మ ఫోటోలో స్కూటరు ఓ మూలకి పోయింది గానీ నంబరు చదవొచ్చు. నాన్నది చెక్కినట్టుంది.

ఆమె గుమ్మం వైపు తిరిగింది. "ఆ రిలే ఫోటోలు..."

"ఇవి రెండో పరుగువి. అప్పుడు నేను ముగింపు గీత దగ్గర నీళ్ళ సీసా పట్టుకుని నిలబడ్డాను," అన్నాడతను. "కార్డు నిండలేదు. నీకెలా చెప్పాలో తెలీక..."

ఆమె తన కుడి చేతిని ముందుకి చాపి చూసుకుంది. మామూలు కంటికి ఏమీ తెలియడం లేదు. ఆపరేషన్ బల్ల దగ్గర మణికట్టు ఆనించుకునే చేస్తుంది, అందుకే ఎప్పుడూ తెలియలేదు. లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఫోన్‌లో ఎవరితోనో రెండు నిమిషాలు మాట్లాడటం వినబడింది.

బయటికి వచ్చి బల్ల దగ్గర కూర్చుంది.

"రేపటి ఆపరేషన్లు వేరే డాక్టరు చేస్తారు," అంది ఆమె మెల్లగా, ముగ్గురికీ వినబడేలా. "ఇక నుంచి నేను చెయ్యను."